మొదటి గంట రక్తం

లాబ్ గోడకు అవతల ఫ్యాక్టరీ. మధ్యలో లారీలు తిరిగే సందు ఒక్కటే అడ్డం. అక్కడ రేకులు నొక్కే పెద్ద ప్రెస్ దిగినప్పుడల్లా బల్ల మీద రాక్‌లోని గాజు ట్యూబులు ఒకదాన్నొకటి తాకి మోగుతాయి. ఏడాది కిందటి దాకా నిమిషానికి తొమ్మిదిసార్లు మోగేవి. ఇప్పుడు పద్నాలుగు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్న లాబ్ టెక్నీషియను ఆ తేడా గమనించలేదు. ఆ మోత వినడం ఆమె ఎప్పుడో మానేసింది. లేబుల్ రాసేటప్పుడు మాత్రం ఎడమ అరచెయ్యి రాక్ మీద ఆనించి ఉంచుతుంది, ట్యూబులు కదలకుండా. కొత్తగా చేరినవాళ్ళు అదేదో పద్ధతి కాబోలనుకుని వాళ్ళూ అలాగే చేస్తారు.

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఫ్రిజ్జక్క అంటారు. పరీక్షలు అయ్యాక మిగిలిన సీరం ఏడు రోజులు ఉంచి పారెయ్యాలని రూలు. క్యాజువాల్టీ నుంచి వచ్చినవాటిని ఆమె చిన్న మూతగొట్టాల్లో పోసి, తేదీ, టైము రాసి, డీప్ ఫ్రీజర్ అడుగు అరలో నెల రోజులు ఉంచుతుంది. ఎందుకని అడిగితే, "ఏమో, ఎవరికి ఎప్పుడు కావాలో" అంటుంది. ఇంతవరకూ ఎవరికీ కావలసి రాలేదు. ఐసు ప్యాకెట్లకు చోటు లేదని ఫిజియోథెరపిస్టు మాత్రం వారానికోసారి వచ్చి పోట్లాడి వెళ్తాడు.

పద్ధెనిమిదో తేదీ సోమవారం. పదకొండు గంటలకు ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు లాబ్ కిటికీ దగ్గరికి వచ్చి ఒక కాగితం లోపలికి జరిపాడు.

"మా ప్రెస్ ఆపరేటరు రిపోర్టమ్మా. సూపరింటెండెంటుగారు కాపీ ఇప్పించారు. దీని మీద మీ లాబ్ ముద్ర కూడా పడితే పనైపోతుంది."

ఆమె కాగితం వైపు చూసి, ముద్ర తీసి, ప్యాడ్ మీద అద్ది కొట్టింది. కొట్టాకే చదివింది. తొమ్మిదో తేదీ థైరాయిడ్ పరీక్ష. టీ3 బాగా తక్కువ. టీ4 తక్కువ. టీఎస్‌హెచ్ మామూలు హద్దులో, అడుగున. అన్నిటికీ కింద మెషీను తనంతట తాను అచ్చువేసే లైను ఒకటి: థైరాయిడ్ లోపం ఉండవచ్చు.

"దీంతో మీకేం పని?" అంది.

"ఆ ప్రమాదం మీద గురువారం ఎంక్వయిరీ కదా. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. మనిషికి థైరాయిడ్ ఉంది. అదున్నవాళ్ళకి మత్తుగా ఉంటుంది, చెయ్యి చురుగ్గా ఆడదు. మా ఆవిడకీ ఉంది లెండి, నాకు తెలుసు." అతను కాగితం మీద ముద్ర ఆరేదాకా ఊదాడు. "ఫ్యాక్టరీలో వాణ్ణి ఏమంటారో తెలుసా? నిదానం. పదిహేడేళ్ళ నుంచీ అదే పేరు. జబ్బని ఎవరికి తెలుసు, పాపం."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె రిజిస్టరు తెరిచి తొమ్మిదో తేదీ పేజీ తీసింది. ఐసీయూ నుంచి వచ్చిన థైరాయిడ్ రిపోర్టుల్లో ఆ అచ్చు లైను ఆమె పెన్నుతో కొట్టేస్తుంది. పక్కన చేత్తో ఇంకో లైను రాస్తుంది: ఒళ్ళు బాగా దెబ్బతిన్నప్పుడు ఇలా ఉండొచ్చు, కోలుకున్నాక మళ్ళీ చూడాలి. ఇది పెద్ద డాక్టరు నేర్పింది. కొట్టేయడం ఆమె పని. పుస్తకంలో లేని పని.

తొమ్మిదో తేదీ స్లిప్పు మీద జనరల్ వార్డు, మంచం పద్నాలుగు అని ఉంది. అందుకే ఆ లైను కొట్టెయ్యలేదు. ఆమె వార్డుకు ఫోన్ చేసింది. నర్సు వెతికి చెప్పింది. ఆ పేషెంటును ఐసీయూ నుంచి కిందికి దించింది తొమ్మిదో తేదీ ఉదయం ఏడున్నరకి. రక్తం తీసింది ఎనిమిదికి.

"ఏమైంది ఫ్రిజ్జక్కా?"

"ఏం లేదు" అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం సూదుల ట్రే పట్టుకుని ఆమే వార్డుకు వెళ్ళింది. పద్నాలుగో మంచం కిటికీ పక్కన. అతనికి కుడి చెయ్యి మోచేతి కిందనుంచి లేదు. కట్టు కట్టిన భాగం దిండు మీద ఎత్తుగా పెట్టారు. కాళ్ళకు మేజోళ్ళు, మెడదాకా దుప్పటి. పక్క మంచం మనిషి చొక్కా విప్పి విసురుకుంటున్నాడు.

భార్య లేచి స్టూలు జరిపింది. ఆమె ఒక బడిలో ఆయా. మధ్యాహ్నం బడి వదలగానే తిన్నగా ఇక్కడికే వస్తుంది. మంచం కాళ్ళ వైపు ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు, ఫ్యాక్టరీ చొక్కాలో.

"మళ్ళీ రక్తమా అక్కా?" అంది భార్య. "ఉన్నదంతా మీరే పట్టుకుపోతున్నారు."

"కొంచెమే. మళ్ళీ చూద్దామని."

"దానికేనా? మందు కూడా తెచ్చాను." సంచిలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. "థైరాయిడ్‌ది. మందుల షాపతను పరగడుపున వెయ్యమన్నాడు. రేపటినుంచి మొదలుపెడదామని."

"డాక్టరు రాశాడా?"

"లేదు. ఆఫీసరుగారు చెప్పారు. వాళ్ళావిడ వాడుతోందంట."

"డాక్టరు చెప్పేదాకా వెయ్యొద్దు. ఇంకోళ్ళ ఆవిడ మందు మీ ఆయనకెందుకు?"

తమ్ముడు నవ్వాడు. మంచం మీది మనిషి కూడా పెదవులు కదిపాడు. టెక్నీషియను అతని ఎడమ చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతికింది. ఉన్న చెయ్యి అదొక్కటే. పద్ధెనిమిది రోజులుగా సూదులన్నీ దానికే. వేలితో మూడుచోట్ల నొక్కి, మణికట్టు మీద నరం పట్టుకుంది.

"చలిగా ఉందా?"

"ముందు బాగా ఉండేది. ఇప్పుడు కొంచెం తగ్గింది." మాట ఆగి ఆగి వచ్చింది. "జబ్బు ముందునుంచే ఉందంట కదా. నాకే తెలీలేదు."

"ఆ రోజు ఏమైందో గుర్తుందా?"

"డై అచ్చు కింద రేకు అడ్డం పడింది. అంతవరకే. తర్వాత ఇక్కడే లేచాను." అతను కిటికీ వైపు చూశాడు. "జబ్బు వల్ల అంటే బాగానే ఉంది. ఎవరినీ అనక్కర్లేదు."

ట్యూబు నిండింది. ఆమె సూది తీసి దూది అదిమి పెట్టింది. మోచేతిని మడిచి పట్టుకోమని అందరికీ చెప్పే మాట నోటిదాకా వచ్చి ఆగింది. మణికట్టు మీది దూదిని తనే రెండు నిమిషాలు పట్టుకుని నిలబడింది.

గుమ్మం దాకా తమ్ముడు వెంట వచ్చాడు.

"ఇప్పుడా ప్రెస్ మీద ఎవరున్నారు?" అంది.

"నేనే అక్కా, రెండో షిఫ్టు. బావ చోటు ఖాళీగా ఉంచరుగా."

"చెయ్యి లోపలికి పోకుండా దానికేమీ ఉండదా?"

"ఎందుకుండదు? రెండు బటన్లుంటాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ప్రెస్ దిగాలి." అతను రెండు చేతులూ చాచి చూపించాడు. "కుడి బటన్ నొక్కి పెట్టి, పైన టేపు చుట్టేశారు. ఒక చేత్తో రేకు పెట్టడం, ఇంకో చేత్తో నొక్కడం. పని తొందరగా అవుతుంది."

"ఇంకా అలాగే ఉందా?"

"బావకి జబ్బుంది గానీ ప్రెస్‌కి ఏ జబ్బూ లేదని కదా అంటున్నారు. గురువారం ఎంక్వయిరీ అయితే అదే ఖాయం చేస్తారు. ఇంక దాని జోలికి ఎవరొస్తారు?"

అతనికి రెండు చేతులూ ఉన్నాయి. వాటిని జేబుల్లో పెట్టుకుని షిఫ్టుకు వెళ్ళాడు.

మంగళవారం ఉదయం రిజల్టు వచ్చింది. ఆమె మెషీను పక్కన నిలబడి కాగితం బయటికి వచ్చేదాకా చూసింది. టీ3 పెరిగింది, హద్దుకు కొద్దిగా తక్కువలో ఉంది. టీఎస్‌హెచ్ తొమ్మిది దాటింది. నాలుగున్నర దాటకూడదు. కింద మెషీను ఈసారి ఇంకా గట్టిగా అచ్చువేసింది: థైరాయిడ్ లోపం.

ఆమె కాగితం తీసుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఆయన రౌండ్లు ముగించుకుని చల్లారిన టీ తాగుతున్నాడు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు.

"బాగుంది" అన్నాడు.

"బాగుందా?"

"కోలుకుంటున్నాడు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఒళ్ళు తన పొయ్యి మంట తగ్గించుకుంటుంది. ఉన్న శక్తి గాయానికి కావాలి కదా. గంటలు గడిచేకొద్దీ టీ3 పడిపోతుంది. అది థైరాయిడ్ గ్రంథి జబ్బు కాదు. ఇప్పుడు మళ్ళీ మంట పెంచమని పైనుంచి మెదడు కేకేస్తోంది. అందుకని టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు ఎక్కువుంటుంది. నెలన్నర, రెండు నెలలు పోతే సర్దుకుంటుంది. అప్పుడు చూస్తే తెలుస్తుంది."

"ఎంక్వయిరీ ఎల్లుండి సార్."

ఆమె సేఫ్టీ ఆఫీసరు సంగతి, ముద్ర సంగతి చెప్పింది. కొట్టేయని లైను సంగతి చివర్లో చెప్పింది. ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు.

"నేను రాసిస్తాను."

"మీరు రాస్తే అది మీ అభిప్రాయం అంటారు. వాళ్ళ దగ్గర నా ముద్ర ఉంది. ఇప్పుడు ఇది కూడా వచ్చింది, ముందుదానికంటే ఎక్కువగా."

"దెబ్బకు ముందు ఎలా ఉందో తెలియాలి. ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నాడా?"

"జ్వరానికి కూడా సెలవు పెట్టని మనిషంట."

"మరింకేం చేస్తాం?"

ఆమె బల్ల మీది రెండు కాగితాల అంచులు సరిచేసింది.

"ఒకటో తారీకు ఆయన్ని తెచ్చినప్పుడు గ్రూపింగ్‌కి రక్తం తీశారు. దెబ్బ తగిలిన నలభై నిమిషాలకి. సీసా రక్తం ఎక్కించకముందు. అందులో మిగిలింది ఉంది."

డాక్టరు తలెత్తాడు. "పద్ధెనిమిది రోజులైంది."

"ఫ్రీజర్‌లో ఉంది సార్. ఒక్కసారి కూడా కరిగించలేదు."

"రూలు ఏడు రోజులు కదా."

"అవును."

ఆయన కళ్ళజోడు తీసి రుమాలుతో తుడిచాడు. "అది బయటపెడితే ఆ అరలో ఉన్నవన్నీ బయటపడతాయి. రిటైర్మెంటు ఎప్పుడు నీకు?"

"ఏడాదిన్నర ఉంది."

"ఇంటికెళ్ళి ఆలోచించుకో."

ఆమె ఇంటికి వెళ్ళి ఆలోచించుకుందో లేదో ఎవరికీ చెప్పలేదు. బుధవారం మామూలు కంటే గంట ముందు వచ్చి, అడుగు అర తీసి, మంచు పట్టిన గొట్టాల్లో ఒకటో తేదీ ఉదయం పదీ పదిది వెతికి తీసింది. వేడినీళ్ళలో పెట్టలేదు. అరచేతిలో పెట్టుకోలేదు. రాక్‌లో నిలబెట్టి, గది గాలికి దానంతట అదే కరిగేదాకా ఎదురుగా కూర్చుంది. కరిగాక తలకిందులుగా పదిసార్లు మెల్లగా తిప్పింది. పేరున్న లేబుల్ మీద తెల్ల టేపు అంటించి, ఒక అంకె మాత్రం వేసింది.

తర్వాత తను తప్పుకుని, జూనియర్ టెక్నీషియనును పిలిచింది.

"ఇది నువ్వు పెట్టు. రెండుసార్లు పెట్టు. ముందు ఫలితం తెలిసిన కంట్రోళ్ళు పెట్టి, అవి సరిపోయాయని రాసి సంతకం చెయ్యి."

"ఎవరిదక్కా?"

"చెప్పను. చెప్తే నీ సంతకానికి విలువుండదు."

"అక్కా, నా సంతకానికి విలువుందని మొదటిసారి అన్నావు" అంటూ ఆ అమ్మాయి చేతితొడుగులు వేసుకుంది.

మెషీను నలభై నిమిషాలు తీసుకుంది. అంతసేపూ ఆమె గోడవైపు తిరిగి పాత స్లిప్పులు కుట్టింది. కాగితం వచ్చిన చప్పుడయ్యాక వెనక్కి తిరిగింది. టీ3 మామూలు. టీ4 మామూలు. టీఎస్‌హెచ్ రెండు. రెండోసారి పెట్టినప్పుడూ అవే. కింద మెషీను ఏమీ అచ్చువెయ్యలేదు. లైను ఉండే చోట తెల్లగా ఉంది.

ఆమె తెల్లకాగితం తీసి చేత్తో ఒక ఉత్తరం రాసింది. తొమ్మిదో తేదీ రిపోర్టులో కొట్టేయవలసిన వాక్యం కొట్టేయలేదని, ఏడు రోజులకు పారేయవలసిన సీరం పారేయలేదని. ఎందుకన్నది రాయలేదు. సూపరింటెండెంటు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది రాయమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"లేదండి."

"మరి మీకెందుకొచ్చిన గొడవ? డాక్టరుగారు మాట్లాడతారుగా."

"ముద్ర నాది సార్."

"ఇది మీ సర్వీసు ఫైల్లో పడుతుంది. మెమో ఇవ్వక తప్పదు నాకు."

"ఇవ్వండి" అని, కాగితం కింద తేదీ వెయ్యడం మరిచిపోయినట్టు గుర్తొచ్చి, ఆయన పెన్నే అడిగి వేసింది.

గురువారం పది గంటలకు ఎంక్వయిరీ వార్డులోనే జరిగింది. పేషెంటు లేచి రాలేడని ఇన్‌స్పెక్టరే వచ్చింది. నడివయసు మనిషి. మంచం పక్కన ట్రాలీ మీద ఫైలు పరుచుకుంది. సేఫ్టీ ఆఫీసరు, పెద్ద డాక్టరు, లాబ్ టెక్నీషియను నిలబడ్డారు. భార్య సెలవు పెట్టింది. తమ్ముడు షిఫ్టు మూడింటికి కావడంతో అతనూ వచ్చాడు.

ఆఫీసరు ముద్ర ఉన్న రిపోర్టు ఇచ్చాడు. డాక్టరు మూడు రిపోర్టులూ వరసగా పెట్టి, ఒకటో తేదీ, తొమ్మిదో తేదీ, పద్ధెనిమిదో తేదీ, ఏ రోజు ఒళ్ళు ఏం చేస్తోందో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు వేసి రాసుకుంది.

"ఒక్క మాటండి" అన్నాడు ఆఫీసరు. "ఆ మొదటి ట్యూబు రూలు ప్రకారం ఉండకూడనిది. అలాంటిదాన్ని లెక్కలోకి ఎలా తీసుకుంటారు?"

"ఉండకూడనిది. కానీ ఉంది కదా" అంది ఇన్‌స్పెక్టరు. టెక్నీషియను వైపు తిరిగింది. "మీరేనా ఉంచింది?"

"నేనేనండి. తొమ్మిదో తారీకు రిపోర్టు మీద ఆ లైను ఉంచిందీ నేనే. ఈయన్ని జబ్బుమనిషిని చేసింది ఆ లైనే. చెయ్యి పోయిన రోజున ఈయనకు ఏ జబ్బూ లేదు."

మంచం మీది మనిషి ఆమె వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పింది.

"జబ్బు సంగతి పక్కన పెడదాం. ఆ ప్రెస్‌కి రెండు బటన్లు కదా. రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటే మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చింది లోపలికి?"

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. తమ్ముడు నోరు తెరవబోయి తన అక్క వైపు చూసి ఆగాడు.

"టేపు" అన్నాడు మంచం మీది మనిషి.

"ఏమిటి?"

"కుడి బటన్‌కి టేపు వేసుంది. అందుకని కుడి చెయ్యి ఖాళీ." అతను ఎడమ చేతిని దుప్పటి కిందనుంచి బయటికి తీశాడు. "నేనే వేశాను."

భార్య స్టూలు మీద సగం లేచింది.

"ప్రెస్ నిమిషానికి తొమ్మిదిసార్లు దిగేది. పద్నాలుగు కావాలన్నాడు సూపర్‌వైజరు. నువ్వు నిదానం, నీతో కాదు, ఇంకొకణ్ణి పెడతానన్నాడు. టేపు చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మూడో రోజు వేశాను." అతను ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇది చెప్పకుండా గడిచిపోతుందని, జబ్బు అన్నప్పుడు ఊరుకున్నాను. జబ్బయితే బావమరిది నన్నేమీ అనడు."

తమ్ముడు మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. మూడు వారాలుగా ఆ టేపు మీదుగా పని చేస్తున్న చేతులు రెండూ మంచం కడ్డీ మీద ఉన్నాయి.

"ఆ టేపు నువ్వేసిందా బావా?"

"నేనే. తియ్యరా దాన్ని."

ఇన్‌స్పెక్టరు రాస్తూనే ఉంది. "సూపర్‌వైజరు పేరు?" అంది. అతను చెప్పాడు. ఆమె రాసుకుని, ఫైలు మూసి, ఆఫీసరుతో అంది. "పదండి, ఆ ప్రెస్ చూద్దాం. ఇప్పుడే."

"మేడమ్, ఇప్పుడు షిఫ్టు నడుస్తోంది."

"అందుకే ఇప్పుడు."

తమ్ముడు వాళ్ళ వెనకే వెళ్ళాడు. భార్య చాలాసేపు భర్త వైపు చూడలేదు. సంచిలోంచి మాత్రల అట్ట తీసి, టెక్నీషియను చేతిలో పెట్టింది.

"ఇది ఎవరికైనా పనికొస్తుందేమో చూడండక్కా" అంది. తర్వాత దుప్పటి ఒక పక్క జారితే సరిచేసింది.

మధ్యాహ్నం రెండు గంటలకు మెమో వచ్చింది. ఫ్రీజర్ అడుగు అర ఈ రోజే ఖాళీ చెయ్యాలి. ఒకటో తేదీ గొట్టం ఇన్‌స్పెక్టరు సీలు వేసి పట్టుకెళ్ళింది. మిగిలినవి ఆమె ఒక్కొక్కటే తేదీ చదివి ఎర్ర సంచిలో వేసింది. ఫిజియోథెరపిస్టు ఐసు ప్యాకెట్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను గెలిచాననుకోవాలా అక్కా?"

"అనుకో. తడవకుండా పెట్టు."

అతను ప్యాకెట్లు సర్ది వెళ్ళిపోయాడు.

మూడు దాటాక క్యాజువాల్టీ నుంచి రక్తం వచ్చింది. బండి మీదనుంచి పడిన మనిషి. ఆమె ట్యూబు రాక్‌లో పెట్టి, ఎడమ అరచెయ్యి పైన ఆనించి, కుడి చేత్తో లేబుల్ రాయడం మొదలుపెట్టింది. వార్డు, నంబరు, తేదీ. అరచేతి కింద ఏ అదురూ తగల్లేదు. ఆమె పెన్ను ఆపింది. ఇంకాసేపు చెయ్యి అలాగే ఉంచింది.

జూనియర్ టెక్నీషియను మెషీను దగ్గరనుంచి తిరిగి చూసింది. "కరెంటు పోయిందా అక్కా? ఏదో తేడాగా ఉంది."

"లేదు. ఉంది."

ఆమె రాక్ మీదనుంచి చెయ్యి తీసింది. ట్యూబులు కదలకుండా నిలబడ్డాయి. లేబుల్ మీద టైము రాసింది. మూడూ ఇరవై.